గేటు లోపలి గది

మా అమ్మాయికి తొమ్మిదో ఏట షుగర్ వచ్చింది. పెద్దవాళ్ళకు వచ్చే రకం కాదు, పిల్లలకు వచ్చేది. బిళ్ళలకు లొంగదు. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ వేసుకోవాలి, ఏడెనిమిదిసార్లు వేలు గుచ్చి రక్తం చూసుకోవాలి. ఏలూరులో డాక్టరుగారు ఇదంతా చెబుతుంటే మా ఆయనా నేనూ అడిగేలోపే పిల్లే అడిగింది.

"ఐస్‌క్రీమ్ అసలు తినకూడదా అండీ, లెక్క చూసుకుని తినొచ్చా?"

డాక్టరుగారు కళ్ళజోడు తీసి దాని వంక చూశారు. "లెక్క చూసుకుని తినొచ్చు. అందరు పిల్లలూ చేసేవన్నీ నువ్వూ చెయ్యొచ్చు. కాకపోతే ముందుగా ఆలోచించుకుని చెయ్యాలి, అంతే" అన్నారు.

మాది గణపవరం. చేపల చెరువుల్లో నీళ్ళకు గాలి కొట్టే మోటార్లు బాగుచేసే షాపు మా ఆయనది. నేను ఇంట్లో ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్సు వేస్తాను. మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఆవిడ కొల్లేటి లంకలో పుట్టి పెరిగిన మనిషి. చిన్నప్పుడు తాటిదోనె మీద బడికి వెళ్ళానని చెబుతారు. షుగర్ సంగతి తెలిసిన రోజున ఆవిడ చర్చికి వెళ్ళి చాలాసేపు కూర్చుని వచ్చి, మర్నాటినుంచి పిల్ల పళ్ళెంలో ఎంత అన్నం పెట్టాలో చిన్న గిన్నెతో కొలిచి పెట్టడం మొదలెట్టారు. ఇప్పటికీ ఆ గిన్నె ఆవిడ చేతిలోనే ఉంటుంది.

ఐదో తరగతిలో బడివాళ్ళు ఎక్స్‌కర్షన్ పెట్టారు. హైదరాబాదు అవతల పెద్ద థీమ్ పార్కు ఉంది కదా, అక్కడికి. క్లాసులో అందరికీ ఇళ్ళకు కాయితం ఇచ్చారు, మా పిల్లకు ఇవ్వలేదు. మర్చిపోయారేమో అనుకుని నేనే వెళ్ళాను.

హెడ్‌మాస్టరుగారు కుర్చీ చూపించి, కాఫీ కూడా తెప్పించారు. "ఏమీ అనుకోకండమ్మా. మీ పాప బాధ్యత మేం తీసుకోలేం. దారిలో ఏమన్నా అయితే మేం ఏం చేస్తాం?"

"నేనూ వస్తానండీ. నా ఖర్చు నేనే పెట్టుకుంటాను. బస్సులో వెనక సీట్లో కూర్చుంటాను."

"తల్లిదండ్రుల్ని తీసుకెళ్ళే పద్ధతి లేదండీ" అన్నారాయన. చాలా మర్యాదగా అన్నారు. అంత మర్యాదగా కాదన్నాక పోట్లాడడం నాకు చేతకాలేదు. కాఫీ తాగకుండానే లేచి వచ్చేశాను.

బస్సు బయల్దేరిన రోజు మా అమ్మాయి ఏడవలేదు. సాయంత్రం వాళ్ళ నాన్న షాపుకెళ్ళి, ఆయన మోటారు విప్పుతుంటే పక్కన చతికిలబడి, "నాన్నా, రోలర్ కోస్టర్‌కి మోటారు ఉంటుందా?" అందిట.

"పైకి ఎక్కడానికి ఉంటుంది. కిందికి దిగడానికి అక్కర్లేదు."

"చూపిస్తావా?"

"చూపిస్తాను" అన్నారాయన. ఆ ఒక్క మాటే మమ్మల్ని ఇన్నేళ్ళుగా తిప్పుతోంది.

*

వేసవి సెలవుల్లో తాడేపల్లిగూడెంలో రైలెక్కి నలుగురం వెళ్ళాం. సికింద్రాబాదు స్టేషను ఎదురుగా చవకలో ఒక లాడ్జి తీసుకున్నాం. రైలు దిగితే నడిచి వెళ్ళిపోవచ్చు, అంతకంటే ఏం కావాలి అనుకున్నాం. గదిలో ఫ్రిజ్ లేదు. ఎండలకు ఇన్సులిన్ పాడవుతుందని ఇంటినుంచే ఒక మట్టి ముంత పట్టుకెళ్ళాను. ఇన్సులిన్ వేసుకునే పెన్నుల్ని కవర్లో చుట్టి ముంతలో పెట్టి, ముంతకు తడిగుడ్డ చుట్టి, మంచం కింద పెట్టాను.

పార్కు ఊరికి అంత దూరమని మాకెవరూ చెప్పలేదు. రెండు బస్సులు మారి, ఆటో ఎక్కి, గేటు దగ్గర దిగేసరికి మిట్టమధ్యాహ్నం. టికెట్ల లైను, తర్వాత బ్యాగుల తనిఖీ. మా అత్తయ్యగారి గిన్నె చూసి తనిఖీ చేసే ఆవిడ "ఇదేంటమ్మా?" అంది. "మా మనవరాలి కొలత" అన్నారు ఈవిడ. బయటి తిండి లోపలికి రానివ్వరు. డాక్టరు చీటీ చూపిస్తే పెద్దవాళ్ళను పిలిచి అడిగి వదిలారు. ఇదంతా అయ్యేసరికి రెండు.

సాయంత్రం ఐదింటికి పెద్ద రోలర్ కోస్టర్ లైనులో ముక్కాలు గంటనుంచి నిలబడ్డాం. ఇంకో పదిమంది అయితే మా వంతు. పిల్ల నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. ముఖం చూస్తే పాలిపోయింది. షుగర్ పడిపోతోందని అర్థమై, లైనులోంచి బయటకు లాక్కొచ్చి నీడలో బెంచీమీద కూర్చోబెట్టి గ్లూకోజు తాగించాను. పావుగంటలో తేరుకుంది. మళ్ళీ లైను దగ్గరికి వెళ్తే, "వెనక్కెళ్ళి నిలబడండి" అన్నాడు కాపలా మనిషి. లైను అప్పటికి పాములా మూడు మెలికలు తిరిగి ఉంది. పార్కు మూసే వేళ అవుతోంది. ఎక్కలేదు.

ఆ బెంచీమీద కూర్చున్నప్పుడే మేం ఒకటి చూశాం. చెట్ల కంచె వెనకాల మూడంతస్తుల తెల్లటి భవనం ఉంది. ఒకావిడ తడిసిన బట్టలతో ఉన్న పిల్లాణ్ణి తీసుకుని కంచెలో ఉన్న చిన్న గేటుకు కార్డు ఆనించి లోపలికి వెళ్ళింది. కాసేపటికి వాడు పొడి బట్టలు వేసుకుని, తల దువ్వుకుని, కడుపునిండిన ముఖంతో బయటకు వచ్చాడు.

"అమ్మా, వాళ్ళు ఇంటికెళ్ళి వచ్చారు" అంది మా అమ్మాయి.

మా ఆయన వెళ్ళి కనుక్కొచ్చారు. అది పార్కువాళ్ళదే రిసార్టు. ఒక రాత్రి గది అద్దె చెప్పారాయన, నా చెవిలో మాత్రమే వినబడేలా. మా నలుగురి రానూపోనూ ఖర్చంతా కలిపినా దానికి చాలదు. తిరుగు రైల్లో పై బెర్తుమీద పడుకుని ఆ చిన్న గేటు గురించే ఆలోచించాను. మధ్యాహ్నం పిల్లను అరగంట పడుకోబెట్టడానికి ఒక మంచం, చల్లగా ఉండే ఫ్రిజ్, వేళకు అన్నం. ఈ మూడూ గేటు లోపల ఉంటే షుగర్ పిల్లకీ మామూలు పిల్లకీ ఆ పార్కులో తేడా లేదు. డాక్టరుగారు ముందుగా ఆలోచించుకోమన్నది దీని గురించే అనిపించింది.

*

రెండో ఏడు తెలివైనదాన్నయ్యాననుకున్నాను. పార్కులోది అందనంత ఎత్తులో ఉంది, దగ్గర్లో ఇంకేదైనా ఉంటుంది కదా అని ఫోన్లో వెతికాను. "పార్కుకు అతి దగ్గర" అని ఒక రిసార్టు దొరికింది. నీలం రంగు ఈతకొలను, కొబ్బరిచెట్లు, గదిలో ఫ్రిజ్ ఉన్నట్టు చిన్న బొమ్మ. అద్దె మూడోవంతే. ముందే మొత్తం కట్టేస్తే ఇంకా తగ్గిస్తామన్నారు, మానుకుంటే మాత్రం తిరిగి ఇవ్వరు. మానుకునేది ఎవరులే అనుకుని కట్టేశాను. ఆ రోజు రాత్రి అందరికీ ఫోటోలు చూపించాను. "ఈ కొలనులో నీళ్ళు మన చెరువుకంటే తక్కువే ఉన్నాయే" అన్నారు అత్తయ్యగారు.

అతి దగ్గరంటే కారున్నవాళ్ళకు దగ్గర. పార్కుకు అరగంట ప్రయాణం, ఆటోలు దొరకవు. కొలనులో నీళ్ళు లేవు, బాగుచేస్తున్నారట. గదిలో ఫ్రిజ్ లేదు. "వంటింట్లో పెద్ద ఫ్రిజ్ ఉందండీ, మందులు ఇవ్వండి, జాగ్రత్తగా పెడతాం" అన్నాడు రిసెప్షన్‌లో మనిషి. పెన్నుల డబ్బా ఇస్తూ, "గడ్డ కట్టించకూడదండీ, చల్లగా ఉంటే చాలు" అని రెండుసార్లు చెప్పాను. తలూపాడు.

పొద్దున ఆరింటికి అడిగి తెప్పించుకుంటే, డబ్బామీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. ఐస్‌క్రీమ్ పెట్టే ఫ్రీజర్లో పడేశారు. పెన్ను ఊపితే లోపల కదల్లేదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా ఇంక పనిచెయ్యదు. దేవుడి దయవల్ల, మందంతా ఒకే చోట పెట్టొద్దని డాక్టరుగారు చెప్పిన మాట విని, భోజనానికి ముందు వేసే పెన్ను ఒకటి నా చేతిసంచిలో ముంతలో ఉంచుకున్నాను. పొద్దుటి సూదికి ఇబ్బంది లేదు. కానీ రాత్రి వేసేది మొత్తం పోయింది.

మేనేజరు వచ్చాడు. "ఇన్సులిన్ తెచ్చుకోమని మేం చెప్పామా అండీ?" అన్నాడు.

అరుద్దామనే నోరు తెరిచాను. మా అత్తయ్యగారు నా మోచెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, అరిస్తే వాడికి మనం అరిచామన్న సంగతే గుర్తుంటుంది, వాడు చేసింది గుర్తుండదు" అన్నారు.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. రిసెప్షన్‌లో సోఫా మధ్యలో కూర్చున్నాను. మంచు డబ్బా మూత తీసి ముందున్న బల్లమీద పెట్టాను. పొద్దున్నే గదులు ఖాళీ చేసేవాళ్ళూ, కొత్తగా దిగేవాళ్ళూ వస్తున్నారు. ఒక్కొక్కళ్ళకే, చుట్టాలతో మాట్లాడినట్టు, "నమస్కారమండీ, మీకు చిన్నపిల్లలున్నారా అండీ? మందులుంటే వంటింట్లో ఇవ్వకండి, ఇదిగో మాకిలా అయింది" అని చెప్పాను. గొంతు ఎత్తలేదు. ఒక్క అబద్ధం ఆడలేదు. అత్తయ్యగారు పక్కన కూర్చుని "అవునండీ" అంటున్నారు. దిగడానికి వచ్చిన ఒక కుటుంబం సామాను మళ్ళీ కార్లోకి ఎక్కించేసింది.

మేనేజరు మూడోసారి గదిలోంచి తొంగి చూసి, ఫోను తీసుకుని బయటకు వెళ్ళాడు. అరగంటలో యజమాని వచ్చాడు. పెద్దాయన. డబ్బా చేతిలోకి తీసుకుని చూసి, "ఎంత ఖరీదు చేస్తాయమ్మా ఇవి?" అని అడిగాడు. మందుల డబ్బులు ఇచ్చాడు, గది అద్దె మొత్తం వెనక్కి ఇచ్చాడు. తన కార్లోనే మందులషాపుకు, అక్కణ్ణుంచి పార్కుకు పంపించాడు. "మీ గదుల్లో ఫ్రిజ్ లేదు కదండీ, ఆ బొమ్మ కూడా తీయించెయ్యండి" అన్నాను దిగేముందు. మూడు రోజుల తర్వాత ఫోన్లో చూస్తే ఆ బొమ్మ లేదు. అద్దె వెనక్కి వచ్చినదానికంటే అదే నాకు ఎక్కువ గెలుపనిపించింది.

*

వెనక్కి వచ్చిన ఆ అద్దెను ఇంట్లో ఖర్చు పెట్టనివ్వలేదు నేను. "ఇది మొదటి వాయిదా" అన్నాను మా ఆయనతో.

"దేనికి?"

"గేటు లోపలి గదికి."

ఆయన చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ, "అయితే ఆదివారాలు చెరువుల మీదకు వెళ్ళొచ్చిన డబ్బులు కూడా అందులో వెయ్యి" అన్నారు.

పార్కు రిసార్టుకు ఫోను చేశాను. బుకింగులు చూసే అమ్మాయి ఎత్తింది. గొంతు చిన్నది, మా వైపు మాటే. ఎప్పుడు వస్తారు, ఎంతమంది అని అడుగుతోంది. నేను ఆపి, "అమ్మా, గదిలో ఫ్రిజ్ ఉందా?" అన్నాను.

"ఉందండీ."

"తలుపు పక్కన గోడకు కార్డు పెడితేనే కరెంటు వస్తుంది కదా. మేం కార్డు తీసుకుని బయటకు వెళ్ళిపోతే ఫ్రిజ్ ఆగిపోతుందా, నడుస్తూనే ఉంటుందా?"

"తెలీదండీ. చూసి చెబుతాను" అంది. మాట మీద నిలబడే పిల్ల. గంట తర్వాత తనే ఫోను చేసింది. "నేనే గదికి వెళ్ళి కార్డు తీసి చూశానండీ. ఆగిపోతోంది. ఈ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ. మీకు రెండో కార్డు ఇస్తాం, గోడకే వదిలేసి వెళ్ళండి."

అలా మొదలైంది మా స్నేహం. శని ఆదివారాలకు, మంగళవారానికి అద్దెలో ఎంత తేడా ఉందో ఆ అమ్మాయే చెప్పింది. జూన్‌లో బడులు తెరిచిన తర్వాతి వారంలో వస్తే గది చవక, పార్కులో జనమూ ఉండరంది. రెండు రోజుల పార్కు టికెట్టు, పొద్దుటి టిఫిను గది అద్దెలోనే కలిసి వస్తాయంది. విడివిడిగా లెక్కేసి చూస్తే, లాడ్జీ, ఆటోలూ, బయటి తిళ్ళూ, టికెట్లూ కలిపినదానికీ దీనికీ నేను భయపడినంత తేడా లేదు. కింది అంతస్తులో, చిన్న గేటుకు దగ్గరగా ఉన్న గది కావాలన్నాను. మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు.

"డబ్బు ఒక్కసారే కట్టలేనమ్మా. మూడు దఫాలుగా కడతాను. ఆఖరిది మేం వచ్చే ముందు వారం."

"అలా ఒప్పుకోరండీ" అంది. తర్వాత, "ఉండండి, మా సార్‌ని అడుగుతాను" అంది. ఆ సార్ ఏమన్నారో తెలీదు గానీ ఒప్పుకున్నారు. ప్రతి దఫా కట్టినప్పుడు ఆ అమ్మాయి రసీదు పంపి, "పాప ఎలా ఉందండీ?" అని అడిగేది.

ఆ జూన్ మంగళవారం నా జీవితంలో మంచి రోజుల్లో ఒకటి. పదకొండింటికి పార్కు తెరిచేసరికి మేం చిన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాం. లోపల మనుషులు వేళ్ళమీద లెక్కపెట్టేటంతమంది. పెద్ద రోలర్ కోస్టర్‌కు లైనే లేదు. ఎక్కేముందు పిల్ల వేలు గుచ్చి చూసుకుని, అంకె నాకు చూపించి, రెండు బిస్కెట్లు నోట్లో వేసుకుని ఎక్కింది. పక్కన నేను. పైకి ఎక్కుతుంటే కింద గొలుసు గరగరమంటోంది. "నాన్న చెప్పిన మోటారు ఇదేనమ్మా" అంది. తర్వాత ఆ చప్పుడు ఆగిపోయింది. ఒక్క క్షణం అక్కడ నిలబడ్డాం. నేను యేసయ్యా అన్నాను. అది ఏమందో నాకు వినబడలేదు గానీ, కిందికి వచ్చేసరికి నవ్వుతూనే ఉంది. ఆ రోజు ఐదుసార్లు ఎక్కింది. మా ఆయన ఒక్కసారి కూడా ఎక్కలేదు. మోటారు గది దగ్గర నిలబడి, లోపలినుంచి వచ్చిన మెకానిక్కుతో గంటన్నరసేపు మాట్లాడారు. బేరింగు చప్పుడు తేడాగా ఉందని ఈయన అంటే, వచ్చే వారం మార్చేదే అని అతను ఒప్పుకున్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి!

మధ్యాహ్నం ఒంటిగంటకు చిన్న గేటుకు కార్డు ఆనించి గదికి వెళ్ళాం. ఫ్రిజ్‌లోంచి పెన్ను తీసి సూది వేసుకుంది. అత్తయ్యగారు గిన్నెతో కొలిచి అన్నం పెట్టారు. అరగంట నిద్రపోయింది. లేచి, తల దువ్వుకుని మళ్ళీ పార్కులోకి. ఆ రోజంతా ఒక్కసారి కూడా షుగర్ పడిపోలేదు.

సాయంత్రం కెరటాల కొలను. అత్తయ్యగారు ఒడ్డున కుర్చీలో కూర్చుంటానన్నవారు, మొదటి కెరటం రాగానే కుర్చీ వదిలేశారు. అద్దెకిచ్చే నైలాను చొక్కా, పైజమా వేసుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడి, "ఇదేం కెరటమే, కొల్లేట్లో తుఫాను గాలికి లేచే అల చూస్తే వీళ్ళు పరుగెడతారు" అన్నారు. నీళ్ళలో ఆవిడకు మోకాళ్ళ నొప్పులు లేవు. పిల్లకు వెల్లకిలా తేలడం నేర్పించారు. ఈలవేసే కాపలా అతను వచ్చి, "మామ్మగారూ, మీరు బాగా ఈదుతారండీ" అంటే, "నేను నడవక ముందే ఈదాను నాయనా" అన్నారు.

*

అప్పటినుంచి ఏటా వెళ్తున్నాం. బడులు తెరిచాక, మంగళవారం, కింది అంతస్తు. ఫాల్సు వేసిన డబ్బులు వేరే తీస్తాను, జనవరిలో మొదటి దఫా. ఊళ్ళో కొందరు "వీళ్ళకేం పిచ్చి, ఏటా అదే ఊయల ఎక్కడానికి పోతారు" అంటారు. మోటార్లు రిపేరు చేసేవాడు రిసార్టులో దిగడమేంటని మా ఆయన ముఖంమీదే అన్నవాడు ఒకడున్నాడు. ఈయన నవ్వి, "మేం దిగేది ఫ్రిజ్‌లోనండీ, గది దానితో వస్తుంది" అన్నారు.

మూడు నెలలకోసారి ఏలూరు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలి. అక్కడ బెంచీలమీద అన్నీ మాలాంటి కుటుంబాలే. ఒకసారి మా అమ్మాయి పక్కన కూర్చున్న పిల్లకు ఫోన్లో పార్కు ఫోటోలు చూపిస్తోంది. ఆ పిల్ల తండ్రి కొల్లేరు పక్క ఊళ్ళో చేపల చెరువు కాపలా. ఆయన ఫోటో చూసి, మా అమ్మాయిని చూసి, నాతో మెల్లిగా, "అమ్మా, మీ పాపక్కూడా ఇదే జబ్బాండీ?" అన్నారు.

"ఇదేనండీ. ఆ పెద్ద రోలర్ కోస్టర్ ఐదుసార్లు ఎక్కింది."

వాళ్ళ పిల్లకు ఏడేళ్ళు. జబ్బు వచ్చిన తర్వాత ఊరు దాటి తీసుకెళ్ళింది ఈ ఆసుపత్రికే. "మేమూ రావచ్చాండీ?" అన్నారు.

ఆ మాట ఆ బెంచీమీద అటూ ఇటూ పాకింది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో పనిచేసే ఆయన, ఉంగుటూరులో బడి పంతులమ్మ, అలా అలా మాతో కలిపి ఆరు కుటుంబాలయ్యాం. రిసార్టులో బుకింగులు చూసే అమ్మాయి ఇప్పుడు మేనేజరు పక్క సీటుకు ఎదిగింది. ఆరు గదులు వరసగా కావాలన్నాను. మేనేజరుగారే ఫోనులోకి వచ్చారు.

"ఆరుగురు షుగర్ పిల్లలంటే, ఏమోనండీ, మాకు కొంచెం భయంగా ఉంది."

"షుగర్ పిల్లలు కాదండీ, పిల్లలే. షుగర్ సంగతి మేం చూసుకుంటాం" అన్నాను. ఇంతలో మా అమ్మాయి నా చేతిలోంచి ఫోను తీసుకుంది. పద్నాలుగేళ్ళది. "అంకుల్, నేను మీ పార్కుకు నాలుగేళ్ళనుంచి వస్తున్నానండీ. ఒక్కసారైనా మీ నర్సుగారిని పిలిచానా? పోనీ రోలర్ కోస్టర్ ఎక్కి వాంతులు చేసుకుని పిలిచినవాళ్ళు ఎంతమందున్నారో చెప్పండి" అంది. అవతల ఆయన గట్టిగా నవ్వడం నాకే వినబడింది. ఆరు గదులకూ గంపగుత్తగా అద్దె తగ్గించారు, ఆరు కుటుంబాలకూ వాయిదాలకు ఒప్పుకున్నారు. ఆరింటికీ రెండో కార్డు.

మొన్న జూన్‌లో వెళ్ళాం. మొదటి రోజు పొద్దున టిఫిను హాల్లో ఆరుగురు పిల్లలూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. మా అమ్మాయి "రెడీ" అనగానే ఆరుగురూ వేళ్ళు గుచ్చుకుని, ఎవరి అంకె ఎంతో అరిచి చెప్పుకున్నారు. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. ఇదివరకైతే నేను చీర కొంగు అడ్డం పెట్టేదాన్ని. ఆ రోజు ఎవరూ ఏదీ దాచలేదు.

చెరువు కాపలాదారుగారి చిన్నపిల్లకు అప్పటిదాకా వాళ్ళమ్మ తప్ప ఎవరు సూది వేసినా ఏడుపే. తన చేత్తో తను వేసుకోవడమన్నది ఊహకే రాలేదు. అందరూ వేసుకుంటుంటే కళ్ళప్పగించి చూసింది. "అక్కా, నొప్పెడుతుందా?" అని మా అమ్మాయిని అడిగింది.

"చీమ కుట్టినంత. ఒకటీ రెండూ మూడూ అని నొక్కెయ్. నేను పట్టుకోను, పక్కనే ఉంటాను."

వాళ్ళమ్మ లేవబోయింది. మా అత్తయ్యగారు చెయ్యి పట్టుకుని ఆపారు. పిల్ల గౌను కొంచెం ఎత్తి, పెన్ను తొడకు ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని, మూడు అనకుండానే నొక్కేసింది. కళ్ళు తెరిచి, "అయిపోయిందా?" అంది. ఐదుగురు పిల్లలూ బల్ల చరిచి ఈలలు వేశారు. వడ్డించే అతను ఏమైందోనని పరుగెత్తుకొచ్చి, సంగతి తెలిసి, తనూ చప్పట్లు కొట్టాడు. వాళ్ళ నాన్న బయట వరండాలోకి వెళ్ళి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, లోపలికి వచ్చి, "రెండిడ్లీలు తింటావా అమ్మా, మూడా?" అని అడిగారు. "నేనే లెక్క చూసుకుంటాను" అందా పిల్ల.

పదకొండు కొట్టేసరికి ఆరుగురూ చిన్న గేటు దగ్గరున్నారు. తలుపు తీసీ తీయగానే పరుగో పరుగు. ఆ రోజు పెద్ద రోలర్ కోస్టర్ మొదటి పెట్టెలో ముందు సీట్లన్నీ మావాళ్ళవే. చిన్నదానికి ఎత్తు చాలక కింద నాతో నిలబడి, వాళ్ళు పైకి ఎక్కుతుంటే రెండు చేతులూ ఊపుతూ, "వచ్చే ఏడు నేను!" అని గొంతు చించుకుని అరిచింది.